ఒక అంతస్తు పునాది

నరసరావుపేటలో మా ఇంటికి నాన్న ఒక్క అంతస్తుకే పునాది వేయించారు. నల్లరేగడి నేల, చేతిలో బడిపంతులు జీతం. పదేళ్లకు అన్నయ్య పెళ్లి కుదిరింది. పైన ఒక గది కావాల్సొచ్చింది. మేస్త్రీ వచ్చి ఇల్లంతా కలయదిరిగి, వసారా స్తంభానికి చెంప ఆనించి, ఒక కన్ను మూసి పైకి చూశాడు. "లేపుదాం మాస్టారూ, ఆగితే ఆగుద్ది" అన్నాడు. గది లేచింది. మూడో వానాకాలానికి మెట్ల పక్క గోడ పగిలింది. ఆ పగులు మీద లక్ష్మీదేవి క్యాలెండరు తగిలించాం. ఏటా క్యాలెండరు మారుతూనే ఉంది, మేకు మాత్రం అదే.

ఆ మేస్త్రీ మళ్లీ గుర్తొచ్చింది ఇంగ్లండులో, సాల్స్‌బరీ కెథడ్రల్లో. అమ్మాయి దగ్గరికెళ్లినప్పుడు ఓ ఆదివారం తీసుకెళ్లింది. "నాన్నా, పైకి చూడు" అంది. అందరూ అదే చేస్తున్నారు. నా చూపు స్తంభం దగ్గరే ఆగిపోయింది. అది వంగి ఉంది.

ముందు కథ చెప్పాలి. ఆ గుడికి 1220లో శంకుస్థాపన చేశారు. కింద కాస్త తవ్వితే నీళ్లు పడే చోటు కావడంతో పునాది నాలుగడుగుల లోతే తీశారు, కంకర నేల మీద. ఇలాంటి కట్టడాలు తరాలకు తరాలు సాగే కాలంలో ఇక్కడ ప్రధాన కట్టడం 38 ఏళ్లలో ముగిసింది. సిలువ ఆకారపు కట్టడంలో నిలువు చావడీ అడ్డ చావడీ కలిసేచోట, నాలుగు స్తంభాల మీద ఓ పొట్టి బురుజు పెట్టి ఊరుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కాలమ్ ఉండేది కాదు. 14వ శతాబ్దం మొదట్లో ఎవరికో చాల్లేదు. ఆ పొట్టి బురుజు మీద ఇంకో బురుజు, దాని మీద రాతి శిఖరం లేపారు. ఎత్తు 404 అడుగులు. అదనపు బరువు సుమారు 6,500 టన్నులు. మనూళ్లో అయితే దీన్ని ఒక అంతస్తు పునాది మీద అపార్ట్‌మెంటు అంటారు.

మెదక్ చర్చి చూసినవాళ్లకు ఈ వాలకం కొత్త కాదు. మొనదేరిన కమాన్లు, రంగు అద్దాల కిటికీలు, కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ కట్టి 1924లో తెరిచిన ఆ గోపురం, అన్నీ ఈ పాత పద్ధతి చూసి కట్టినవే. దాని ఎత్తు 175 అడుగులు. సాల్స్‌బరీ దానికి రెండింతలకు పైనే.

మొనదేరిన కమానులో ఉన్న కిటుకు గొప్పది. అర్ధచంద్రం లాంటి గుండ్రటి కమాను ఎత్తు దాని వెడల్పును బట్టే ఉంటుంది, మార్చడానికి వీల్లేదు. మొన తేలిస్తే అదే వెడల్పులో ఎంత ఎత్తుకైనా లేపొచ్చు. పైగా బరువు పక్కలకు తన్నడం తగ్గి కిందికి దిగుతుంది. మిగిలిన తన్నుడుకు బయట ఊతగోడలు కాపు కాస్తాయి. అప్పుడు గోడను చీల్చి పెద్ద పెద్ద కిటికీలు పెట్టుకోవచ్చు. కమాను కట్టేటప్పుడు కింద చెక్క చట్రం పెడతారు, నెత్తిన చివరి రాయి బిగిశాక తీసేస్తారు. ఆ చట్రానికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరే సెంటరింగ్. మన స్లాబుకు కొట్టే సెంట్రింగూ ఆ మాటే. మా మేస్త్రీకి ఈ సంగతి చెబితే ఏమనేవాడో.

సాల్స్‌బరీ శిఖరం లోపల ఆనాటి చెక్క పరంజా ఇప్పటికీ అలాగే ఉంది. పని అయిపోయాక తియ్యలేదు. ఎందుకులే, ఉంటే ఊతగా ఉంటుందనుకున్నారేమో. నాకైతే ఆ గుడిలో నచ్చిన మొదటి మనిషి, ఆ పరంజా విప్పొద్దన్నవాడు.

ఆనాటి మేస్త్రీలకు లెక్కలు రావు. అంటే, ఫలానా స్తంభం ఇన్ని టన్నులు మోస్తుందని కాగితం మీద తేల్చే లెక్కలు. కంటి కొలత, తూకం గుండు, వృత్తలేఖిని, పక్కూళ్లో నిలబడ్డ గుడి, ఇవే వాళ్ల చదువు. నిలబడనివీ ఉన్నాయి. 1322లో ఈలీ గుడి నడిబురుజు ఓ రాత్రి కూలింది. లింకన్ శిఖరం 1548లో పడిపోయింది. చిచెస్టర్ శిఖరమైతే నిన్నమొన్న, 1861లో పడింది. పాతకాలం వాళ్ల పనితనం అని మనం మురిసిపోయేవన్నీ నిలబడ్డవే. పడ్డవాటి ముందు ఎవరు ఫొటో దిగుతారు?

వెల్స్ కెథడ్రల్లో బురుజు ఎత్తు పెంచాక గోడలు పగిలి, ఒక పక్కకు కుంగడం మొదలైంది. 1338 తర్వాత పదేళ్లలో విలియం జాయ్ అనే మేస్త్రీ బురుజు కింద మూడు పక్కలా ఒక కమాను మీద ఇంకో కమానును తలకిందులుగా నిలబెట్టాడు. చూడ్డానికి కత్తెరలా ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే కళ్లకు అడ్డంగా కనిపించేది అదే. దాచే ప్రయత్నమే లేదు. మేం క్యాలెండరు తగిలించిన చోట ఆయన రాతితో అంత పని పెట్టుకున్నాడు. కొందరికి అది మోటుగా కనిపిస్తుందట. నాకు మాత్రం ఆ గుడిలో దాని తర్వాతే ఏదైనా.

సాల్స్‌బరీ వాళ్లూ ఊరుకోలేదు. తూర్పు వైపు అడ్డ చావడిలో ఇలాంటి తలకిందుల కమాన్లే పెట్టారు. 1668లో క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి వచ్చి కొలిస్తే శిఖరం నైరుతికి రెండున్నర అడుగులు ఒరిగి ఉంది. వాస్తు చూసేవాళ్లు నైరుతి అనగానే ఉలిక్కిపడతారని తెలుసు, కానీ ఒరిగిందటువైపే. 1986లో మొదలైన పెద్ద మరమ్మతు మూడు దశాబ్దాలు దాటి సాగింది. గుడి ఆవరణలోనే రాళ్లు చెక్కేవాళ్ల పనిశాల ఉంది.

నేను స్తంభం దగ్గరికెళ్లాను. చెంప ఆనించబోయి, కాపలా పెద్దాయన చూస్తున్నాడని ఆగాను. ఆనించకుండానే ఒక కన్ను మూసి పైకి చూశాను. పర్బెక్ రాయి అది. నున్నగా నల్లగా మెరుస్తుంది, దగ్గరగా చూస్తే చిన్న చిన్న నత్తగుల్లలు కనిపిస్తాయి. వంపు మొదలయ్యే చోటు తెలియదు. చూపు పైకి పోతూ పోతూ ఎక్కడో తప్పుతుంది, వెదురు బద్దను రెండు చేతుల మధ్య పట్టి కాస్త నొక్కినట్టు. "ఏం చూస్తున్నావు నాన్నా?" అంది అమ్మాయి. "మన వసారా" అన్నాను.

ఆ గుడి నేలలో ఓ చిన్న కన్నం ఉంది. అందులోకి కర్ర దించి కింద నీటి మట్టం చూస్తారు. కంకర మరీ ఆరిపోకూడదు, మరీ మునగకూడదు. ఎనిమిది వందల ఏళ్ల గుడికి చేస్తున్న సేవల్లో అదొకటి.

ఊరికొచ్చాక క్యాలెండరు తీశాను. పగులు పొడవు టేపుతో కొలిచి, రెండు కొసలా పెన్సిలుతో గీతలు గీసి, పక్కన తేదీ వేశాను. క్యాలెండరు ఎదుటి గోడకు మారింది. ఈ వానాకాలంలో పగులు గీత దాటలేదు.