బిల్దదు మాట కేలండర్ మీదికి వస్తే

కొత్త సంవత్సరం రాత్రి ఆరాధన అయ్యాక చర్చిల్లో వాగ్దానపు కార్డులు పంచుతారు. ఇబ్రహీంపట్నంలోనైనా, మరో ఊళ్లోనైనా జనం ఇష్టంగా దాచుకునే వాక్యాల్లో యోబు 8:7 ఒకటి. ఆరంభం చిన్నదైనా చివరికి గొప్పగా వృద్ధి చెందుతావని దాని సారం. గోడ కేలండర్ల మీదా అదే, కొత్త దుకాణం ప్రార్థనలోనూ అదే. అయితే ఆ మాట దేవుడిదీ కాదు, యోబుదీ కాదు. పదిమంది బిడ్డలనూ పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న యోబుతో, వాళ్లు చేసిన పాపమే వాళ్లను తీసుకుపోయి ఉంటుందన్న స్నేహితుడు బిల్దదుది. గ్రంథం చివర, 42:7లో, బిల్దదూ తోటి స్నేహితులూ తన గురించి చెప్పింది సరి కాదని దేవుడే తేల్చేస్తాడు.

మాట ఎవరిదో చూసి అర్థం తీసుకోవడం తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. భారతంలో శకుని మాటను వ్యాసుడి హితబోధగా ఎవరూ చెప్పుకోరు. పైగా ఇబ్రహీంపట్నం గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా పేరు మోస్తున్న ఊరు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. పద్యం వినే చెవి ఈ నేలకు పాతదే. ఆ చెవిని బైబిల్ తెరిచినప్పుడు కూడా వాడుకోవాలనే నేను అడిగేది.

యోబు గ్రంథంలో 42 అధ్యాయాలు. మొదటి రెండూ, చివరి కొన్ని వచనాలూ కథ. నడుమ దాదాపు అంతా పద్యం. ముగ్గురు స్నేహితులు వంతులవారీగా వాదిస్తారు. మూడో విడతకు వచ్చేసరికి బిల్దదు ప్రసంగం ఆరే వచనాలు, జోఫరు నోరే విప్పడు. అక్కడ మూలపాఠం చెదిరిందనే పండితులున్నారు. కావచ్చు. కానీ ఇప్పుడున్న రూపంలో వాళ్ల వాదన అడుగంటిన సంగతి ఆ నిడివిలోనే తెలిసిపోతుంది.

హీబ్రూ పద్యంలో యతిప్రాసల కోసం, గణాల కోసం వెతికితే దొరకవు. ఒక పాదం పలికి, దానికి జతగా మరో పాదాన్ని నిలబెట్టడమే అక్కడి ప్రధాన శిల్పం. ఆక్స్‌ఫర్డ్‌లో కవిత్వాచార్యుడిగా పనిచేసిన రాబర్ట్ లోత్ 1753లో అచ్చయిన ఉపన్యాసాల్లో ఈ జంటలను మూడు రకాలుగా విడదీశాడు: అదే భావం చెప్పేవి, ఎదురు భావం చెప్పేవి, భావాన్ని పొడిగించేవి. పరీక్షలో రాయడానికి ఇది బాగుంటుంది. చదవడానికి మాత్రం 1981లో జేమ్స్ కూగెల్ చెప్పింది ఎక్కువ పనికొస్తుంది: రెండో పాదం మొదటిదాన్ని ఊరికే తిరగచెప్పదు, ఒక మెట్టు ముందుకు తీసుకెళ్తుంది. 88వ కీర్తన 11, 12 వచనాలు చూడండి. చచ్చినవాడున్న చోటు మొదట సమాధి, తరువాత నాశనస్థలం, ఆపైన చీకటి, చివరికి ఎవరికీ జ్ఞాపకం లేని దేశం. నాలుగు పాదాల్లో మనిషి క్రమంగా చెరిగిపోయాడు. నాలుగూ ఒకటేనని దాటేస్తే కీర్తన చేతికి చిక్కదు.

అనువాదంలో జంట పాదాలు నిలుస్తాయి, అక్షర క్రమం పోతుంది. 119వ కీర్తనలో ఆలెఫ్, బేత్ అని మన తెలుగు బైబిల్లో కనబడే శీర్షికలు దాని ఆనవాలే: 22 అక్షరాలు, అక్షరానికి ఎనిమిది వచనాలు, మొత్తం 176. అక్షరమాల వరుసలో స్తోత్రం అల్లడం మనకూ తెలిసిన విద్యే. ఆ విద్యను ఏడుపుకు వాడడమే నన్ను ఆపేస్తుంది. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలింది. విలాపవాక్యముల గ్రంథం ఆ శోకంలో పుట్టింది. మొదటి, రెండవ, నాలుగవ అధ్యాయాల్లో 22 వచనాలు అక్షరానికొకటి చొప్పున నడుస్తాయి. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడేసి, మొత్తం 66. అనేక పంక్తుల్లో మొదటి సగం పొడవు, రెండో సగం పొట్టి. ఊపిరి అందక ఆగినట్టుంటుంది. ఐదో అధ్యాయంలోనూ 22 వచనాలే, కానీ అక్షర క్రమం లేదు. దుఃఖాన్ని అంతసేపు కట్టుబాటులో నడిపిన కవి అక్కడ ఆ కట్టుబాటును విడిచేశాడు. ఆ అధ్యాయం ముగింపు యూదులకూ బరువే. ఆబు నెల తొమ్మిదో నాటి ఉపవాసంలో చదివేటప్పుడు చివరి వచనం తరువాత దాని ముందున్న ప్రార్థనను మళ్లీ పలికి ఆపుతారు.

ఇలా చదవడం మనకు అందని విద్యేమీ కాదు. 1964లో రాజమండ్రిలో మొదలై హైదరాబాదుకు మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఇబ్రహీంపట్నానికి దూరం కాదు. తరువాత మెదక్ బిషప్పైన పాతనిబంధన పండితుడు విక్టర్ ప్రేమసాగర్ అక్కడ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అలాంటి పాండిత్యం మన పొలిమేరలోనే ఉన్నా, ఆదివారం ప్రసంగంలో మాత్రం ఒక్కో వచనం విడిగా తెగి వస్తుంది.

సామెతల గ్రంథంతో అలా చేయడం మరీ ప్రమాదం. 26:4 మూర్ఖుడికి జవాబు చెప్పొద్దంటుంది, 26:5 చెప్పమంటుంది. కూర్చినవాడు రెండింటినీ పక్కపక్కన పెట్టాడంటే పొరపాటున కాదు. ఏ మూర్ఖుడికి ఏది వర్తిస్తుందో తేల్చుకోవడం చదివేవాడి పని. ప్రసంగి గ్రంథం ఇంకా దూరం వెళ్లి, జ్ఞానికీ బుద్ధిహీనుడికీ చావు ఒకటేనంటుంది. కష్టపడితే ఫలితం ఉంటుందన్న సామెతలూ, ఆ లెక్క కుదరలేదన్న యోబూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. వాటిని రాజీ చేయబోకుండా, ముందు వాదులాడుకోనివ్వండి.