నీడకు రంగు ఎక్కడిది?

తెలుగులో ‘ఛాయ’ అన్న మాటకు నీడ అని ఒక అర్థం, వర్ణమని మరొక అర్థం. భాష సహజంగా ఒకచోట చేర్చిన ఈ రెండింటినీ ఐరోపా కళావిద్యాలయాల శిక్షణ చాలాకాలం విడదీసి ఉంచింది. నీడ అంటే వెలుగు లేకపోవడమేనని, గోధుమవర్ణం, నలుపు కలిపి దానిని చిత్రించాలని అక్కడ బోధించేవారు. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఫ్రాన్సు దేశపు ఇంప్రెషనిస్టులు ఈ అలవాటును నిరాకరించారు.

నిజానికి నీడలో వెలుగు పూర్తిగా లోపించదు. ఆరుబయట ఒక చెట్టు సూర్యకాంతిని అడ్డగిస్తుందే గాని ఆకాశపు కాంతినంతటినీ అడ్డగించలేదు. అందువల్ల నీడపడిన చోట నీలికాంతి మిగులుతుంది. ఇది ప్రకృతిలోని కారణం. రెండవ కారణం కంటిలో ఉంది. ఎర్రని దీపాన్నీ తెల్లని దీపాన్నీ వెలిగించి మధ్యలో కర్రను నిలిపితే, ఎర్రకాంతి చేరని నీడమీద తెల్లని కాంతి మాత్రమే పడుతుంది. అయినా ఆ నీడ ఆకుపచ్చగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఎరుపు దాని పూరకవర్ణాన్ని చూపులో పుట్టిస్తుంది. జర్మన్ మహాకవి గోథే 1810లో వెలువరించిన వర్ణసిద్ధాంత గ్రంథంలో హార్జ్ పర్వతాల మంచుపై తాను చూసిన నీడలను వర్ణించాడు. పగటివేళ ఊదాగా ఉన్న ఆ నీడలు, అస్తమయకాంతి మంచును ఎర్రబరచగానే ఆకుపచ్చగా మారాయి.

క్లాడ్ మోనే 1868–69లో చిత్రించిన ‘మాగ్‌పై’లో ఈ సత్యం రూపు దాల్చింది. తడికె వెనుకనుండి వచ్చే ఎండ మంచును లేత పసుపుతో తాకుతుంది. తడికె నీడ నీలంగా ముందుకు పరచుకుంటుంది. తడికె పక్కనున్న చిన్న గేటుపై వాలిన పక్షి నలుపు ఈ నీలాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1869లో పారిస్ సలోన్ ఈ చిత్రాన్ని తిరస్కరించింది. 1876లో రెన్వార్ ప్రదర్శించిన స్త్రీమూర్తి చిత్రంలో, ఆకుల నీడ పడిన దేహంపై ఆకుపచ్చ, ఊదా ఛాయలు చూసి ‘లె ఫిగారో’ విమర్శకుడు ఆల్బెర్ వోల్ఫ్ దానిని కుళ్లుతున్న శవంతో పోల్చాడు. అతడు వర్ణాన్ని చూశాడు గాని దానికి కారణమైన వెలుగును చూడలేదు. దేహానికి సొంతమైన రంగు ఒక్కటే ఉంటుందన్న నమ్మకం అతని చూపును అడ్డగించింది.

అయితే ప్రతి నీడకూ నీలం పూయడం సత్యమనిపించుకోదు. గోబెలిన్ అద్దకశాలకు అధిపతిగా ఉన్న రసాయనవేత్త షెవ్రెల్ 1839 నాటి తన గ్రంథంలో ఒక చిక్కును ఎత్తిచూపాడు. పక్కపక్కన ఉన్న వర్ణాలు చూపులో ఒకదానినొకటి మార్చుకుంటాయి. చిత్రకారుడు ఆ మార్పును కూడా రంగులతో యథాతథంగా దించితే, చిత్రాన్ని చూసేవారి కన్ను దానికి మరికొంత చేర్చి అతి చేస్తుంది. కనుక నీడకు రంగు ఉందని తెలుసుకోవడంతో పని ముగియదు; ఎంత రంగు పూయాలి, ఎంత ప్రేక్షకుని కంటికి విడిచిపెట్టాలి అన్న వివేకం కావాలి. మోనే నీలం నిలబడటానికి పక్కనున్న మంచు పసుపే ఆధారం. ఆ సంబంధాన్ని గమనించక నీలపు నీడను మాత్రమే అనుకరిస్తే, అదీ పాత గోధుమ నీడవలె ఒక సూత్రమైపోతుంది.

ప్రదర్శనశాలల నిర్వాహకులకూ ఇందులో ఒక హెచ్చరిక ఉంది. నీలం తక్కువగా ఉన్న పసుపు దీపకాంతిలో ఇటువంటి నీడలు మసకబారుతాయి. చిత్రకారుడు కష్టపడి తూచిన వర్ణసామ్యం గోడమీద కూడా నిలవాలంటే, చిత్రాన్ని ఎంపిక చేసినంత శ్రద్ధగా దానిపై పడే వెలుగునూ ఎంపిక చేయాలి.