పేరు చివరి ప్లస్ గుర్తు

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్‌లో డ్రైవర్లకు నాలుగో విభాగం ఉంది. అందులో 'ఆర్‌ఎల్' అనే పాత నెట్‌వర్క్ డ్రైవర్ పేజీ నాకెంతో ఇష్టం. అది నడిపేది రియల్‌టెక్ 8129, 8139 చిప్‌లను. ఆ ముక్క ఒక్కటే రాసి ఊరుకున్నా తప్పు లేదు. కానీ కార్డు కొనుక్కున్న మనిషికి తెలిసేది అట్టపెట్టె మీది పేరే గానీ లోపలి చిప్ కాదు కదా! అందుకే డీ-లింక్, ఎస్‌ఎంసీ, జీనియస్ అంటూ మోడళ్ల పేర్లు ఓపిగ్గా ఎక్కించారు. డీ-లింక్ డీఎఫ్‌ఈ-530టీఎక్స్ ప్లస్ అక్కడే ఉంది. ప్లస్ లేని 530టీఎక్స్ కోసం మాత్రం 'వీఆర్' పేజీకి వెళ్లాలి, ఎందుకంటే దాని లోపలున్నది వయా చిప్. ఒక్క గుర్తుతో డ్రైవరే మారిపోతోంది. ఈ తేడా పట్టుకుని రాసిన చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ధరలూ, ఏది కొంటే మేలన్న సలహాలూ అక్కడ కనిపించవు. ఇట్టే పాతబడిపోయే సరుకది. చిప్ పెట్టే ఇబ్బంది మాత్రం దాచలేదు: పంపే ప్యాకెట్ మెమరీలో సరైన హద్దు దగ్గర మొదలవకపోతే, డ్రైవర్ దాన్ని ముందు వేరేచోటికి కాపీ చేసుకోవాల్సి వస్తుందని బగ్స్ భాగంలో ఉంది. వేగం ఎందుకు తగ్గిందో తెలియక తలపట్టుకున్నవాడికి అంతకన్నా ఏం కావాలి?

ఇంకో మంచి పని కూడా చేశారు. ప్రతి విడుదలతో వచ్చే హార్డ్‌వేర్ నోట్స్‌లోని డ్రైవర్ల జాబితాలను ఈ పేజీల నుంచే తీసుకుంటారు. కొత్త కార్డు పేరు డ్రైవర్ పేజీలో చేరిస్తే చాలు, తర్వాతి నోట్స్‌లోకీ అదే వెళ్తుంది.