కట్టించినవారూ, కట్టినవారూ

ఇటలీ చర్చీలను గురించి వ్రాసే యాత్రా గ్రంథాలన్నింటికీ ఒకే బాణీ వున్నది. ఫ్లోరెన్సు, సియేనా, వెనిస్, రోము. ఊరి పేరు, చర్చి పేరు, కట్టిన సంవత్సరం, గోపురం ఎత్తు, చిత్రకారుని పేరు, చివరకు చూసి తీరవలసినదన్న తీర్పు. మన లేపాక్షి, తాడిపత్రులను గురించిన పుస్తకాల బాణీ కూడా ఇంతే. వీటిలో చెప్పినది అబద్ధమని ఎవరూ అనరు. కాని ప్రతి పుటలోనూ మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక క్రియాపదాన్ని గమనించండి: "కట్టించెను". రాజు కట్టించెను, కోశాధికారి కట్టించెను, పోపు కట్టించెను, బిషప్పు కట్టించెను. మన భాషలోని ప్రేరణార్థక క్రియ నిజాయితీ గలది. కట్టించినవాడు ఒకడుంటే కట్టినవాడు మరొకడున్నాడని అది తనంతట తానే ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది గ్రంథకర్త మాత్రమే.

ఇది ఒకవైపు దోషం. రెండవ వైపు దోషం మనవారిది. అభ్యుదయ భావాలు గల మన విద్యార్థి మిత్రులు చాలామంది గుడి అన్నా, చర్చి అన్నా, మసీదు అన్నా, "అదంతా దోపిడీ గుర్తు, మూఢత్వానికి కట్టిన కోట, చూసేదేమున్నది" అని ముఖం తిప్పుకుంటారు. ఇది విప్లవ దృష్టిలా కనబడుతుంది. కాని కాస్త తరచి చూస్తే యాత్రా గ్రంథకర్త చేసిన పనే వీరూ చేస్తున్నారు. ఆయన అందమంతా ప్రభువుదేనని పొగుడుతాడు. వీరు అందమంతా ప్రభువుదేనని తిడతారు. ఆ రాతిని తొలిచిన చేతిని ఇద్దరూ మరచిపోయారు. ఒకసారి ఆ చేతి కష్టాన్ని ప్రభువు తీసుకున్నాడు. దాని కీర్తిని కూడా రెండవసారి ఆయనకే అప్పగించడం ఏ శాస్త్రం ప్రకారం అభ్యుదయమవుతుంది?

ముందు ఇటలీనే తీసుకుందాం. ఫ్లోరెన్సు ప్రధాన చర్చి నిర్మాణం 1296లో ఆరంభమైంది. 1331లో దాని నిర్వహణ ఉన్ని వ్యాపారుల సంఘం చేతికి వచ్చింది. అంటే ఆ పాలరాతి వెనుక వున్నది ఆకాశం నుంచి ఊడిపడిన భక్తి కాదు. ఉన్ని వ్యాపారపు లాభం. ఆ ఉన్నిని ఏకిన కూలీలకు సంఘం పెట్టుకునే హక్కు లేదు, నగర పాలనలో నోరు లేదు. 1378 వేసవిలో "చోంపి" అని పిలువబడిన ఆ కూలీలు తిరగబడి నగర ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నారు. కొద్ది వారాలలోనే వారిని అణచివేశారు. చర్చి పని మాత్రం సాగింది. 1420 నుంచి 1436 వరకు బ్రూనెల్లెస్కీ దాని మీద మహా గుమ్మటాన్ని లేపాడు. నేల నుంచి కొయ్య ఆధారం ఎత్తకుండానే ఇటుక మీద ఇటుక పేర్చి అంత వెడల్పు కప్పడం మానవ మేధస్సు సాధించిన విజయాలలో ఒకటి. అందులో సందేహం లేదు.

అయితే 1550లో కళాకారుల జీవితచరిత్రలు ప్రకటించిన వసారి, ఈ గుమ్మటం సంగతి చెబుతూ రెండు కథలు వ్రాశాడు. తాపీ పనివారు కిందికి దిగి భోంచేసి మళ్ళీ ఎక్కడంలో పొద్దు పోతున్నదని, గుమ్మటం పైనే వంటశాలలు పెట్టించి, అన్నమూ ద్రాక్షసారాయీ అక్కడే అమ్మించాడట బ్రూనెల్లెస్కీ. పనివారు కూలి పెంచమని అడిగినప్పుడు వారిని తొలగించి లంబార్డీ నుంచి వచ్చినవారిని పనిలో పెట్టుకున్నాడట. పాతవారు బతిమాలుకుంటూ తిరిగి వస్తే తక్కువ కూలికి తీసుకున్నాడట. వసారి ఈ కథలు చెప్పింది శిల్పి తెలివితేటలను మెచ్చుకోవడానికి. మనకు అందులో మరొకటి కనబడుతుంది. అంత ఎత్తున, గాలిలో, ఇటుక మీద ఇటుక పెడుతున్నవాడు కూలి బేరమాడాడు, ఓడిపోయాడు, ఓడిపోయి కూడా పని చెడగొట్టలేదు. ఆ గుమ్మటం ఈనాటికీ నిలిచి వున్నది. దాని అందంలో గణితం ఎంత వున్నదో ఆ ఓటమి కూడా అంతే వున్నది. ఇది తెలిసి చూసినవానికి గుమ్మటం చిన్నదైపోదు, మరింత పెద్దదవుతుంది.

సియేనా నగరం ఫ్లోరెన్సుతో పోటీపడి 1339లో తన చర్చిని బ్రహ్మాండంగా పెంచబూనింది. 1348లో మహమ్మారి వచ్చింది. పని ఆగిపోయింది. కప్పులేని గోడ ఒకటి ఇప్పటికీ ఆకాశం వైపు చూస్తూ నిలబడి వున్నది. రోములో సెంటు పీటరు చర్చిని 1506లో తిరిగి కట్టనారంభించి, ఖర్చు చాలక పాపవిమోచన పత్రాలను అమ్మించారు. ఆ అమ్మకం మీద తిరుగుబాటుగా 1517లో జర్మనీలో లూథరు లేచాడు. ఒక కట్టడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న క్రైస్తవ ప్రపంచాన్నే రెండుగా చీల్చింది. కనుక ఈ ప్రశ్న మార్క్సిస్టుల చాదస్తమని ఎవరైనా అంటే, అంతకు చాలా ముందే సామాన్యులు అడిగారని జవాబు చెప్పవచ్చు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. పామిడిలో పెన్న ఒడ్డున భోగేశ్వరాలయం వున్నది. ఏడాదిలో చాలా కాలం ఆ నది ఇసుక రూపంలోనే దర్శనమిస్తుంది. అదే నది దిగువన తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం వున్నది. విజయనగర కాలంలో, పెమ్మసాని నాయకుల ఏలుబడిలో వెలసినది. దాని గోపురాలు అసంపూర్తిగా మిగిలాయి. పై అంతస్తులు లేవలేదు. కాని లేచిన మేరకు రాతిలో ఖాళీ జాగా అన్నది లేదు. తీగ, హంస, నర్తకి, ఏనుగు, ముని. పందొమ్మిదవ శతాబ్దంలో భారత వాస్తుచరిత్ర వ్రాసిన ఫెర్గుసన్ ఈ గోపురాల పనితనాన్ని ప్రత్యేకించి మెచ్చుకున్నాడు. సియేనా గోడ చూడటానికి సముద్రాలు దాటే యాత్రికునికి ఆ కోవకే చెందిన గోపురాలు ఈ ఇసుక నది పక్కనే వున్నవని చెప్పాలి.

లేపాక్షి సంగతి అందరికీ తెలిసినదే. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలంలో, 1530 దశకంలో, పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ వీరభద్రాలయాన్ని కట్టించాడు. రాజు సెలవు లేకుండా ఖజానా సొమ్ము ఖర్చుచేశాడని శిక్ష పడబోతే తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని కథ. గోడమీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. కల్యాణ మంటపం అసంపూర్తిగా ఆగింది. ఈ కథ విని కంటతడి పెట్టని యాత్రికుడు లేడు. కాని ఖజానాలోకి ఆ సొమ్ము వచ్చిన దారి ఏది? ఈ మెట్టపొలాల మీద, మగ్గాల మీద వేసిన పన్నులే గదా! సొమ్ము రాజుదా, విరూపణ్ణదా అని కథ తగవులాడుతుంది. మూడవవాడు కథలోనే లేడు. కప్పు మీద ఆ రంగుల కథలు వ్రాయడానికి తల వెనక్కి వాల్చి నెలల తరబడి పనిచేసిన చిత్రకారుని కళ్ళకు ఏమైందో ఏ స్థలపురాణమూ అడగదు. ఇక మాల, మాదిగల సంగతి వేరే చెప్పాలా? 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఆలయప్రవేశ చట్టం వచ్చేదాకా వారు లోపలికి రావడానికి ఈ జిల్లాలో చట్టబద్ధమైన హక్కే లేదు. రాతి బండి లాగినవాని వంశానికి రాతి బొమ్మ చూసే అర్హత లేకపోయింది.

ఇక తెలుగుదేశంలో ఇటలీ చర్చీలకు దగ్గరి బంధువును చూడాలంటే మెదక్ వెళ్ళాలి. అక్కడి చర్చి గోథిక్ రీతిలో కట్టినది. సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. నేల పలకలు ఇంగ్లండు నుంచి వచ్చాయి. వాటిని పరచినవారు ఇటలీ పనివారని చెబుతారు. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన మూడు రంగుటద్దాల కిటికీలలో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం వున్నాయి. సూర్యకాంతి వున్నంతసేపే ఆ బొమ్మలకు ప్రాణం. పొద్దుగుంకితే నల్లటి అద్దమే మిగులుతుంది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని ప్రారంభించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించాడు.

ఆ పదేళ్ళూ ఆ ప్రాంతంలో కరువు కాలం. పాస్నెట్ ఉచితంగా గంజి పోయలేదు. పని చేయండి, అన్నం పెడతానన్నాడు. ఆ పనే ఈ చర్చి. ఆ రాళ్ళు మోసినవారు ఆకలిగొన్న చుట్టుపక్కల పల్లెల జనం.

కరువు పని అంటే ఏమిటో ఈ పీఠభూమిలోని వారికి వివరించనక్కరలేదు. 1876-78 మహాకరువులో ఈ ప్రాంతం ఇంకా బళ్ళారి జిల్లాలో వుండేది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలో మగవానికి రోజు కూలి ఒక పౌను ధాన్యమూ ఒక అణా అని నిర్ణయించాడు. అది మనిషి బతకడానికి చాలదని ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ పోట్లాడాడు; కొద్ది నెలలకే పెంచక తప్పలేదు. ఆ కొలతతో కొట్టించిన కంకర రోడ్లు ఎవరూ చూసి తీరవలసినవి కావు. దొర కూలి పెట్టి రోడ్డు వేయించాడు, పాదిరి కూలి పెట్టి చర్చి కట్టించాడు. అయితే రెండూ ఒకటేనా?

"ఆకలితో వున్నవాని చేత చర్చి కట్టించడమేమిటి? చెరువు తవ్విస్తే పంట పండేది గదా!" అని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్న. కాని సగమే ప్రశ్న. నైజాములో జాగీర్దారులు, దేశ్‌ముఖుల చేతుల్లో భూమి వున్న రోజులవి. చెరువు తవ్వితే దాని కింద ఆయకట్టు ఎవరిది? తట్ట మోసినవాడిదా? నీరు పారే పొలం వానిది కానప్పుడు, చెరువు తవ్వినా వానికి దక్కేది ఆ పూట అన్నమే. కనుక తప్పు చెరువుకు బదులు చర్చి ఎంచుకోవడంలో లేదు. ఏమి కట్టాలో ఎంచుకునే హక్కు కట్టేవానికి లేకపోవడంలో వున్నది. అన్నం పెట్టినవాడు దయగలవాడే కావచ్చు. దయగలవాని చేతిలో వున్నా నిర్ణయం అతనిదే, ఆకలి వీరిది.

అయినా మెదక్ విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. ఆ ప్రాంతంలో క్రైస్తవులైనవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. తాము మోసిన రాళ్ళ నడుమకు వారు మొదటి రోజునే నడిచి వెళ్ళారు. ఆ నేల మీదే కూర్చున్నారు. ఏ చట్టం కోసమూ ఎదురు చూడలేదు. క్రైస్తవంలోకి వచ్చినంత మాత్రాన కులం పోలేదు. చర్చిలోనూ అది వేరే దారిన దూరింది. అయినా తలుపు దగ్గర ఆపనివారికీ, ఆపినవారికీ మధ్య తేడాను చూడలేని విమర్శకు శాస్త్రీయమన్న పేరు తగదు.

రూపం మాటకొస్తే మెదక్‌కు పోటీగా డోర్నకల్ చర్చిని చెప్పుకోవాలి. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య దానిని కట్టించాడు. 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మినార్లు, దేవాలయపు స్తంభాలు, తామరపూలు. గోథిక్ కోణాన్ని పక్కనపెట్టి, జనం రోజూ చూసే రూపాలనే తీసుకున్నారు. మెదక్ చర్చి మనను తలెత్తి చూడమంటుంది. డోర్నకల్ చర్చి లోపలికి రమ్మంటుంది. అంత మాత్రాన మెదక్ పరాయిదని కొట్టివేయడం తేలిక జాతీయవాదం అవుతుంది. నమూనా ఇంగ్లండుది కావచ్చు; రాతిని సరిచేసిన సుత్తి ఇక్కడిది. పరాయి గీత మీద మన చేయి ఎంత నేర్పుగా నడిచిందో కూడా ఆ గోడ చెబుతుంది.

కనుక గుడికీ, చర్చికీ వెళ్ళవద్దని మన విద్యార్థులకు ఏ ఉపాధ్యాయుడూ చెప్పకూడదు. వెళ్ళాలి. ఫ్లోరెన్సు వెళ్ళగలిగినవారు అక్కడికీ, మిగిలినవారు తాడిపత్రి బస్సెక్కీ వెళ్ళాలి. భక్తులు కానవసరం లేదు. భక్తులను వెక్కిరించనూ అవసరం లేదు. నాలుగు ప్రశ్నలు మాత్రం వెంట తీసుకెళ్ళాలి. సొమ్ము ఎవరి చెమట? రాయి ఎవరి చేయి? ఏమి కట్టాలో ఎవరు నిర్ణయించారు? కట్టాక లోపలికి ఎవరిని రానిచ్చారు? ఈ నాలుగింటికీ జవాబు దొరకనిచోట కూడా రాయి ముందు కాసేపు నిలబడాలి. ఎందుకంటే పేరు లేనివాడు తన సంతకం పెట్టిన చోటు అదొక్కటే.

అందాన్ని ప్రభువుల ఖాతాలో వ్రాసి వదిలేయడం మన పని కాదు. అది శ్రమజీవి ఆస్తి. ఆస్తి మనదని తెలిసినవాడు దానిని చూసి ముఖం తిప్పుకోడు, లెక్క అడుగుతాడు.