నేలరొదలో బంగారము

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున డనోలీ, వెడర్‌బర్న్, తార్నగల్లా గ్రామముల పరిసరములందు యూకలిప్టసు చెట్లనడుమ వ్యాపించియున్న ఎఱ్ఱనేల, 1850ల దశకమున బంగారము బయల్పడినది మొదలు పారలకును గునపములకును తెరపి నీయలేదు. 1869 ఫిబ్రవరి 5వ తేదీన మోలియాగల్ అనుచోట జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అను మిత్రులకు చెట్టువేళ్లకడ, నేలకు అంగుళము క్రిందనే, డెబ్బది కిలోలకు మించిన బంగారుముద్ద దొరకగా, దానిని తూచుటకు చాలిన త్రాసు లేక డనోలీలో దాగలిపై ముక్కలు చేయవలసివచ్చినది. అంతటి త్రవ్వకము జరిగిన ఆ సీమలోనే, నూఱేండ్లు దాటిన పిమ్మట, 1980లో కింగోవర్ కడ కెవిన్ హిల్లియర్ అనునతడు మెటల్ డిటెక్టరు త్రిప్పుచు అడుగులోతున ఇరువదియేడు కిలోల ముద్దను కనుగొనెను. యంత్రము కొనుటయే బంగారము కొనుటయని తలచువారు నేటికిని కలరు. వారెఱుగని సంగతి యొక్కటి: ఏ ఎఱ్ఱమన్ను బంగారమును దాచినదో ఆ మన్నే యంత్రపు చెవిలో రొద చేయును. ఆ రొదను ఎంతవఱకు అణచవలెనో, ఎచట అణచుట మానవలెనో తెలియుటయే ఈ విద్యకు సారము.

ఆ నేల ఎరుపు ఇనుపతుప్పు ఎరుపు. మన జహీరాబాదు చుట్టుపట్ల లాటరైటు నేలను చూచినవారికి ఆ రంగును వర్ణించి చెప్పనక్కఱలేదు. అందలి ఇనుపఖనిజములలో మాగ్నటైటు యంత్రమునకు బలముగా బదులు పలుకును గాని, అయస్కాంతక్షేత్రము పెరిగినపుడు పెరిగి, తగ్గినపుడు తగ్గును గనుక దానిని గుర్తుపట్టి తీసివేయుట కష్టము కాదు. చిక్కంతయు మాగ్‌హెమైటు అను రెండవ ఖనిజముతో వచ్చును. తరచుగా చెలరేగు దావాగ్నులలో, మన్నులోని తుప్పు ఆకుకుళ్లుతో కలిసి కాలినపుడు పుట్టు ఈ ఖనిజపు అతిసూక్ష్మరేణువులు, క్షేత్రము తొలగిన తరువాతకూడ తమ అయస్కాంతత్వమును ఒక్కసారిగా విడువక మెల్లమెల్లగా విడుచును. లోహమును యంత్రము పసిగట్టునది సరిగా ఇట్టి ఆలస్యమునుబట్టియే యగుటచే, ఆ మన్ను తానే లోహమువలె నటించును.

ఒక జాతి యంత్రములు ఎడతెగని తరంగమును నేలలోనికి పంపి, తిరిగివచ్చు తరంగము ఎంత వెనుకబడినదో చూచును. సన్నని రేణువులవంటి బంగారమునకు, ఖనిజభారము తక్కువైన నేలకు ఇవి మేలు. విక్టోరియా ఎఱ్ఱబంకలో ఇవి త్వరగా చేతులెత్తివేయును. రెండవ జాతివి పల్స్ ఇండక్షన్ యంత్రములు. ఇవి తీగచుట్టలోనికి విద్యుత్తును పంపి, హఠాత్తుగా తెగగొట్టి, ఆ వెంటనే మౌనముగా వినును. నేలలో లోహమున్నచో అందు సుళ్లు తిరుగు ప్రవాహములు పుట్టి, చిన్న తునకలో కొద్ది మైక్రోసెకనులలోనే, పెద్ద ముద్దలో మఱికొంత తడవునకు, క్షీణించును. 1990ల దశకము నడుమ అడిలైడు నగరపు మైన్‌ల్యాబ్ సంస్థలో బ్రూస్ క్యాండీ రూపొందించిన ఎస్‌డీ 2000 అను యంత్రము, భిన్నమైన నిడివిగల స్పందనములను మార్చిమార్చి పంపి, ఈ క్షీణగతుల నడుమనుండు భేదమునుండి నేలను విడదీయుటకు మార్గము చూపగా, పాతకాలపువారు వట్టివని విడిచిన గుట్టలు మరల పలుకసాగినవి.

హెడ్‌ఫోనులు తగిలించుకొన్నవానికి ఎల్లవేళల సన్నని నాదమొకటి, కచేరీలో తంబురశ్రుతివలె, వినవచ్చుచుండును. లోతుననున్న బంగారము కేక వేయదు. ఆ శ్రుతిని రవంత వంచును, అంతే. కావున శ్రుతిని మరీ హెచ్చించినను, వినబడకుండ తగ్గించినను లోతైన ముద్ద చేజారిపోవును.

శ్రుతి చెదరుచున్నపుడు చేయవలసిన మొదటిపని యే మీటను త్రిప్పుటయు కాదు. తీగచుట్టను నడుమెత్తున గాలిలో కదలకుండ పట్టుకొని నిలువవలెను. రొద అప్పటికిని ఆగకున్నచో దోషము నేలది కాదు, విద్యుత్తుది. ఎత్తినపుడు సద్దుమణిగి, నేలపై ఆడించినపుడే లేచుచున్నచో దోషము మన్నుది. ఈ చిన్న పరీక్ష చేయక, విద్యుత్తు రొదకు నేల సరిచూపును, నేల రొదకు విద్యుత్తు మందును వేయుచు పొద్దు పుచ్చువారిని చూచినపుడు, రోగమెఱుగని వైద్యము జ్ఞప్తికి వచ్చును.

విద్యుత్తు రొదకు మూలములు పెక్కు. ఆ దేశపు కరెంటు, మనదివలెనే, సెకనునకు 50 ఆవర్తనములది. హైటెన్షను తీగలు ఆ 50నే గాక దాని గుణిజములను కూడ వెదజల్లును. గొఱ్ఱెలదొడ్లచుట్టునుండు విద్యుత్కంచె ఇంచుమించు సెకనున కొక్కసారి టిక్కుమనును. కనబడని దూరమున మెఱసిన మెఱుపు చిటపటగా వినబడును. జేబులోని సెల్‌ఫోను, ప్రక్కగుట్టపై మరియొకరి యంత్రము, అన్నియు ఇందు చేరును. దీనికి చికిత్స యంత్రపు స్పందనవేగమును ఆ గుణిజములనుండి కొంచెము ప్రక్కకు జరుపుటయే. మీట నొక్కి, తీగచుట్టను కదల్పక, లోహవస్తువులను దూరముగా నుంచి, యంత్రము పలు వేగములను తానే విని నిశ్శబ్దమైనదాని నెన్నుకొనువఱకు ఓపికపట్టవలెను. గాలిమారి పిడుగులు దగ్గరపడినను, సాయంకాలము తీగలపై భారము మారినను ఇది మరల చేయవలసియుండును. రెండు డి-ఆకారపు చుట్టలు గల తలయున్నచో, దూరపు రొద రెండిటిలోను సమముగా పుట్టి ఒకదానినొకటి రద్దుచేసికొనునట్లు కలుపు ఏర్పాటొకటి కొన్ని యంత్రములయందు కలదు. తీగలక్రింద అది ప్రాణదానమే గాని లోతు చాల హరించును. తీగలు దాటగానే విడిచిపెట్టవలెను.

విద్యుత్తు శాంతించినతరువాతనే నేలవంతు. లోహము లేని చోటు చూచుకొని, తీగచుట్టను నేలకు దాదాపు తాకునంత దింపి, మోకాలియెత్తువఱకు లేపి, మరల దింపుచుండవలెను. చేతితో సరిచూచు యంత్రమున, దింపినపుడు ధ్వని హెచ్చినచో మీటను ఒక దిక్కునకు, లేపినపుడు హెచ్చినచో మరియొక దిక్కునకు, వెండ్రుకవాసి చొప్పున జరుపుచుపోగా, ఎత్తినను దింపినను శ్రుతి మాఱని స్థానమొకటి తగులును. అదే గ్రౌండ్ బ్యాలెన్సు. నేల ప్రతిధ్వని కాలమునకు విలోమముగా మెల్లగా సన్నగిల్లుటయు, లోహపు ప్రతిధ్వని తన పరిమాణమునకు తగిన వేరొక గతిని క్షీణించుటయు ఎఱిగిన యంత్రము, రెండు క్షణములందు విన్నదానిని తగిన పాళ్లలో తీసివేసి నేలను సున్నగావించును.

ఇచటనే మూల్యము చెల్లింపవలసియున్నది. ఆ తీసివేతలో నేలతోబాటు, అదే గతిని క్షీణించు ఒకానొక పరిమాణపు బంగారముకూడ సున్న యగును! అంతకంటె చిన్న తునక ధ్వనిని పైకెత్తి దింపును, పెద్దముద్ద దింపి ఎత్తును, నడిమిది నోరెత్తదు. టైమింగు అను మీట ఈ చెవిటిచోటును ఇటునటు జరుపుటకే: మన్ను మిక్కిలి చెడ్డదైన పల్లమున ఒకటి, శాంతమైన గుట్టపై మరియొకటి. తెలిసినవారు బంగారము దొరికిన గుట్టనే రెండు టైమింగులతో రెండుమారులు నడతురు.

తానే నేలను వెంబడించి సరిచేసికొను ట్రాకింగు పద్ధతి క్రొత్తవారికి వరమే. అయినను సందేహాస్పదమైన సన్నని ధ్వనిపై తీగచుట్టను పదేపదే ఆడించినచో, ఆ యంత్రము బంగారమును కూడ నేలయని నేర్చి చెరిపివేయును. కావున ధ్వని పట్టుబడిన తక్షణమే స్థిరస్థానమునకు మార్చుట మంచిది.

సెన్సిటివిటీ విషయమున లోకుల భ్రమ ఇంకొకటి: హెచ్చించినకొలది లోతు హెచ్చునని. ఖనిజభరితమైన నేలలో హెచ్చించినది నేలరొదనే గాని బంగారపు పలుకును కాదు. నాలుగు గీతలు తగ్గించి, చేతివేగము తగ్గించి, చిన్న తీగచుట్ట తగిలించినపుడు ఒక్కసారికి వినవలసిన మన్ను తగ్గుటచే, అణగియున్న ధ్వనులు బయటపడుట కలదు. పెద్ద తీగచుట్ట లోతునకు పోవుట నిజమే. అయితే అది ఎక్కువ మన్నును ఎక్కువ విద్యుత్తును కూడ త్రాగును. అట్లని మీటలన్నిటిని తగ్గించి నున్నని నిశ్శబ్దములో హాయిగా నడచుట మరింత చేటు. నా దృష్టిలో కొంచెము అల్లరిచేయు యంత్రమే పనిచేయు యంత్రము.

ఎంత సరిచూచినను ఇనుపరాళ్లు మోసగించుట మానవు. చుట్టుపట్ల మన్నుకంటె వేరు ఖనిజపాలు గల ఈ రాళ్లను అచటివారు హాట్‌రాక్‌లందురు. తీగచుట్టను రెండంగుళములు పైకెత్తినచో రాతిధ్వని చప్పున చచ్చును, లోహధ్వని నిదానముగా సన్నగిల్లును. బూటుమడమతో పైమన్ను గీకి మరల చూచినచో, రాయి గాని మేకు గాని చాలవఱకు ఆ మన్నుతోనే తొలగును. గీకిన గుంటలో నిలిచి మరింత స్పష్టపడిన ధ్వని త్రవ్వదగినది.

అమరికలను ఎవరో చెప్పిన అంకెలనుబట్టి నిర్ణయించుట వ్యర్థము; అంకెలు ఒక గుట్టకు సరిపడి ప్రక్కగుట్టకు సరిపడవు. సీసపు తూటారవ్వ నొకదానిని జేబులో వేసికొని, నడువబోవు నేలలోనే ఏటవాలుగా సన్నని బొఱియ చేసి, పైమన్ను చెదరకుండ లోనికి తోసి, ఒక్కొక్క అమరికతో దానిపై నడచి చూడవలెను. ఏ అమరికయందు యంత్రము నెమ్మదిగా నున్నదను ప్రశ్న కాదు, ఏ అమరికయందు ఆ రవ్వ ఎక్కువ లోతునుండి పలికినదను ప్రశ్న. రవ్వను బయటికి తీసి గుంట పూడ్చి నడక సాగించి, మన్ను రంగు మాఱినచోట, వాన కురిసి నేల తడిసిననాడు, తీగలు దగ్గరపడినపుడు, మరల ఆ రవ్వను పాతి చూడవలసినదే.