అంధుని తమ్ముడు: ఆంధ్రమహాభారతంలో విదురుని సోదరపాత్ర – పరిశీలన

వ్యాససంగ్రహం: విదురుని నీతికోవిదునిగా వివరించిన విమర్శ విస్తారంగా ఉంది. పుట్టుకతో అంధుడైన అన్నతో కలిసి పెరిగిన తమ్మునిగా అతనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విదురుడు, ధృతరాష్ట్రుడు, వైకల్యం, సోదరబంధం, తిక్కన.

1. ఉపోద్ఘాతం:

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో, పెన్నకు దక్షిణంగా మైపాడు తీరం వరకు ఉన్న మండలం ఇందుకూరుపేట. విరాటపర్వం మొదలు 15 పర్వాలను తెనిగించిన 13వ శతాబ్ది కవి తిక్కన ఈ సీమవాడే. వరిమళ్లు, రొయ్యల గుంటలు పరచుకొన్న ఈ ఊళ్లలోనైనా, మరెక్కడైనా, వైకల్యం ఉన్న బిడ్డను పెంచే తల్లిదండ్రులను కలచివేసే ప్రశ్న ఒకటే: తమ తరువాత ఎవరు? చాలా ఇళ్లలో దీనికి సమాధానం తోబుట్టువు. ఆ తోబుట్టువు జీవితం ఎలాంటిదన్న ప్రశ్నకు భారతకథలో లోతైన సమాధానం ఉంది.

2. ఒకే పెంపకం – రెండు నిరాకరణలు:

అంబిక కుమారుడు ధృతరాష్ట్రుడు, అంబాలిక కుమారుడు పాండురాజు, దాసీపుత్రుడు విదురుడు. ముగ్గురినీ భీష్ముడే పెంచాడు. పెద్దవాడు దేహబలంలోనూ, రెండవవాడు విలువిద్యలోనూ, మూడవవాడు ధర్మజ్ఞానంలోనూ రాణించారు. కాని రాజ్యం పాండురాజుకే దక్కింది. అన్నకు చూపు అడ్డమైతే, తమ్మునికి పుట్టుక అడ్డమయింది. కారణాలు వేరైనా ఇద్దరూ అర్హతల కొలతలో వెనక్కి నెట్టబడినవారే. పాండురాజు అడవికి వెళ్లిన తరువాత అన్న పక్కన మిగిలినది విదురుడు. ఈ సాన్నిహిత్యాన్ని సేవాధర్మంగా మాత్రమే చూడడం అసమగ్రం. నిరాకరణ రుచి తెలిసిన ఇద్దరి మధ్య ఏర్పడిన బంధంగా కూడా దీనిని గ్రహించాలి.

3. పొమ్మనడం – పిలవడం:

పాండవులు వనవాసానికి వెళ్లాక విదురుడు హితం చెప్పగా, ధృతరాష్ట్రుడు అతనిని పాండవ పక్షపాతిగా నిందించి ఇష్టమైన చోటికి పొమ్మంటాడు. విదురుడు కామ్యకవనం చేరుతాడు. కొద్దికాలానికే తమ్ముని ఎడబాటు భరించలేక అన్న సంజయుని పంపి పిలిపించుకొంటాడు. విదురుడు ఏ షరతూ పెట్టకుండా తిరిగివస్తాడు. అరణ్యపర్వంలోని ఈ ఘట్టాన్ని విమర్శకులు సాధారణంగా విదురుని క్షమాగుణానికి ఉదాహరణగా చూపుతారు. అయితే ఇందులో మరొక సత్యం ఉంది. కోపం వచ్చినా, అవమానం కలిగినా, ఈ తమ్మునికి అన్న బాధ్యత నుండి సెలవు లేదు. పైగా అన్న కుమారులు ఒకవైపు, మరొక అన్న కుమారులు మరొకవైపు ఉండగా ఇద్దరి క్షేమాన్నీ కోరవలసిన సంకటం అతనిది.

4. నిద్రలేని రాత్రి:

ఉద్యోగపర్వంలో సంజయుడు రాయబారం నుండి తిరిగివచ్చిన రాత్రి ధృతరాష్ట్రునికి నిద్రపట్టదు. విదురుని పిలిపిస్తాడు. అన్న అంధత్వాన్ని విదురుడు ఇక్కడ దోషంగానో, తప్పించుకొనే సాకుగానో భావించకపోవడం గమనార్హం. మంచిచెడులు ఎరిగి నిర్ణయించగల మనిషిగానే అన్నను సంబోధిస్తాడు, నిర్ణయానికి బాధ్యుని చేస్తాడు. ధృతరాష్ట్రుని చూపులేమిని పుత్రవ్యామోహానికి ప్రతీకగా చేయడం తెలుగు విమర్శలో పరిపాటి. ఆ వ్యాఖ్యానం దేహవైకల్యాన్ని నైతిక లోపంగా మార్చుతుంది. అన్నతో కలిసి పెరిగిన తమ్ముడు మాత్రం ఆ పొరపాటు చేయడు. తప్పు కళ్లది కాదని, ఎంపికదని అతనికి తెలుసు.

విదురుడు రాజుకు కన్ను అనే ప్రశంసను కూడా పునఃపరిశీలించవలసి ఉంది. ఆ మాట అన్నను లోపంగానూ, తమ్ముని పరికరంగానూ కుదించివేస్తుంది.

5. కథ చెప్పని భాగం:

విదురునికి భార్య, కుమారులు ఉన్నారని భారతకథ తెలుపుతుంది, కాని వారి జీవితాన్ని విస్తరించదు. అతని ఇల్లు మనకు తెలిసేది కుంతి ఆశ్రయం పొందిన ఇల్లుగా, శ్రీకృష్ణుడు ఆతిథ్యం స్వీకరించిన ఇల్లుగా. సంరక్షకుని సొంత జీవితం ఇతరుల అవసరాల వెనుక మరుగున పడడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అరుదు. ఆశ్రమవాసపర్వంలో అన్న వెంట అడవికి వెళ్లిన విదురుడు అన్నకంటె ముందే దేహం చాలిస్తాడు. ఆ తరువాతనే ధృతరాష్ట్రుడు గాంధారీకుంతులతో కలిసి దావాగ్నిలో మరణిస్తాడు. తోబుట్టువు ఒక్కనినే ఆధారంగా చేసుకొన్న ఏర్పాటు ఎంత బలహీనమో ఈ క్రమం సూచిస్తుంది.

6. ముగింపు:

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పరస్పర అవగాహన, విశ్వాసాల మీద ఆధారపడి సంరక్షకుడు, దివ్యాంగుడు కలిసి నిర్ణయం తీసుకొనే పరిమిత సంరక్షకత్వాన్ని అది ప్రతిపాదించింది. విదురుడు అన్న బదులు నిర్ణయించలేదు, అన్న నిర్ణయానికి తోడు నిలిచాడు. అన్న మాట వినకపోయినా ఆ గౌరవాన్ని తగ్గించలేదు. ఈ అంశంలో విదురపాత్ర నేటి ఆలోచనకు చేరువగా ఉంది. అయితే విదురునికి తోడెవరన్న ప్రశ్నను కథ అడగలేదు. సంరక్షణ ధర్మాన్ని కీర్తించడంతో ఆగక, సంరక్షకుని జీవితాన్ని కూడా పఠించగలిగినప్పుడే ఈ పాత్ర అధ్యయనం సమగ్రమవుతుంది. ఇందుకూరుపేటలోనైనా, హస్తినలోనైనా, దివ్యాంగుని తోబుట్టువుకు దక్కవలసిన న్యాయం అదే.