ముల్లు దొరికేదాకా

నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వెళ్ళే దారి సుమారు 1000 మీటర్ల ఎత్తున్న లంబసింగికి ఎక్కుతుంది. ఘాట్ మలుపుల్లో సైకిలు గాలి పోతే పిలిస్తే పలికే షాపు ఉండదు. ఆ దారి పట్టేవాళ్ళకి కింద ఊళ్ళోని పంక్చరు మేస్త్రీయే అండ. ఆయన పనితనం దగ్గరుండి చూడదగ్గది.

మంచి మేస్త్రీ సైకిలు చేతికి రాగానే టైరు విప్పడు. ముందు గాలి కొట్టి, వాల్వు మూతి తడిపి చూస్తాడు. బుడగ లేచిందంటే లోపలి సన్నటి వాల్వు ట్యూబు పాడైనట్టే. అది మారిస్తే పనైపోతుంది.

బుడగ రాకపోతేనే లివర్లు తీస్తాడు. చక్రం ఊడదీయకుండా టైరు ఒక పక్క అంచు ఎత్తి ట్యూబు బయటికి లాగుతాడు. గాలి నింపి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పుతాడు. ఒక చిల్లు దొరికిందని ఆగడు, చుట్టంతా చూస్తాడు. పక్కపక్కనే రెండు చిల్లులుంటే, గాలి తక్కువై రిమ్ము కింద ట్యూబు నలిగిందని ఇట్టే చెబుతాడు.

చిల్లు చుట్టూ నునుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పల్చగా పూస్తాడు. ఆ తర్వాత చేతులు కట్టుకుని ఆగడంలోనే ఉంది అసలు విద్య. తడి మీద అతికించిన ప్యాచీ నిలవదు. వేలికి అంటీ అంటనట్టు ఆరాక ప్యాచీ వేసి, అంచులదాకా నొక్కి తడతాడు.

అంతటితో అయిపోలేదు. టైరు లోపల చుట్టూ వేళ్ళు నిదానంగా పోనిస్తాడు. పైకి కనబడని ముల్లు మొన అక్కడ తగులుతుంది. దాన్ని తీయకపోతే ఎంత మంచి అతుకైనా, ఎంత కొత్త ట్యూబైనా నాలుగడుగులు వేయకముందే మళ్ళీ చిల్లే. 1888లో డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్ననాటి నుంచి సైకిలు తొక్కేవాళ్ళందరికీ ఉన్న బాధే ఇది.

కొండెక్కేవాళ్ళు టైరు సైజుకి సరిపోయే స్పేరు ట్యూబు, చిన్న పంపు, రెండు లివర్లు, పానాలు వెంట ఉంచుకోవాలి. ట్యూబుకి పౌడరు రాసి గుడ్డలో చుట్టండి, పానాల రాపిడికి చిల్లు పడదు. దారిలో ట్యూబు మార్చాల్సి వస్తే మేస్త్రీలాగే ముందు టైరు లోపల తడిమి చూడండి. ఊళ్ళో పంక్చరు వేయించుకున్నప్పుడు "ముల్లు దొరికిందా?" అని అడగండి. అడగకముందే దాన్ని అరచేతిలో పెట్టి చూపించినవాడే అసలైన మేస్త్రీ.